ఖరారు కాని దారి

ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్ చీఫ్ ఇంజినీరు ఈ లోకంలో ఆఖరుగా అన్న మాట "తియ్యను."

అంతకు ముందు ఫోన్‌లో అవతలి గొంతు ఆయన్ని రెండుసార్లు మర్యాదగా అడిగింది. మూడోసారి మర్యాద పక్కన పెట్టి అడిగింది. మెయిన్ రౌటర్‌లో ఉన్న ఒక ఫిల్టర్ తీసెయ్యాలి, అంతే పని. ఆయన ఆ ఒక్క మాట అని ఫోన్ పెట్టేశాడు. కారు తాళం తిప్పాడు. బేస్‌మెంట్ పార్కింగ్‌లో జరిగిన పేలుడుకి పై అంతస్తుల్లో కాఫీ తాగుతున్నవాళ్ల చేతుల్లో కప్పులు వణికాయి.

వారం తిరక్కుండానే ఆయన కుర్చీలో ఇంకొకాయన కూర్చున్నాడు. కొత్తాయన అలాంటి మాటలు అనే రకం కాదు.

ఈ కబురు అల్లుడికి అత్తగారి నోటినుంచే అందింది.

చుట్టరికం చూసి మోసపోకూడదు. అల్లుడు ఎవరికీ అల్లుడు కాడు. నలభై దగ్గరపడుతున్నా పెళ్లి ఊసెత్తితే గోడ దూకే మనిషి. అత్తగారికి కూతుళ్లే లేరు. డిపార్ట్‌మెంట్‌లో కోడ్ నేమ్స్ అన్నీ ఇలా చుట్టరికాలే. ఫోన్ ఎవడైనా ట్యాప్ చేసినా వాడి చెవిన పడేది ఒక ఇంటి గొడవ. 'మరదలు అలిగి పుట్టింటికి వెళ్లింది' అంటే ఒక ఏజెంట్‌తో కాంటాక్ట్ తెగిపోయిందని అర్థం. 'అల్లుడికి మర్యాద జరగలేదు' అంటే ఆయుధాలు అందలేదని. ఇతరుల ఇంటి గొడవలు వినే ఓపిక ఏ గూఢచారికీ ఉండదని ఈ పద్ధతి పెట్టినవాళ్ల నమ్మకం. అది శుద్ధ తప్పు, ఇతరుల ఇంటి గొడవల్ని విన్నంత శ్రద్ధగా మనిషి ఇంకేదీ వినడు. అయినా పద్ధతి మాత్రం ఇంతవరకు చెడలేదు.

ఆఫీసు బయట 'కుటుంబ సలహా కేంద్రం' అని బోర్డు ఉంటుంది. అది నిజమనుకుని అప్పుడప్పుడూ నిజం దంపతులు కూడా వస్తుంటారు. ఆ రోజు పొద్దున అలాంటి జంటకి చివాట్లు పెట్టి, రాజీ చేసి, పంపించేసి, అత్తగారు తలుపు గడియ వేసింది. డిపార్ట్‌మెంట్ చీఫ్ ఆవిడ. నెరిసిన జుట్టు, గొలుసుకి వేలాడే కళ్లజోడు, ఎదుటివాడు అబద్ధం మొదలుపెట్టకముందే కనిపెట్టేసే చూపు.

"అల్లుడూ, రౌటర్ దారి ఎలా ఎంచుకుంటుందో చెప్పు."

"ఆర్నెల్లు ట్రైనింగ్‌కి పంపింది మీరే. ఇప్పుడు పరీక్ష పెడతారా?"

"పెడతాను. చెప్పు."

"ఎవరు ఎక్కువ కచ్చితంగా చెబితే వాళ్ల మాట వింటుంది. ఒకడు 'ఈ ఊరికి దారి నా దగ్గరుంది' అంటాడు. ఇంకొకడు 'ఆ ఊళ్లో ఫలానా వీధికి దారి నా దగ్గరుంది' అంటాడు. ఆ వీధికి వెళ్లే డేటా ప్యాకెట్‌ని రౌటర్ రెండోవాడి చేతిలో పెట్టేస్తుంది. వాడు దొంగా దొరా అని చూడదు."

"ఇద్దరూ వీధి పేరే చెబితే?"

"కాన్ఫిగర్ చేసిన ఇంజినీరు ఎవరికి ఎక్కువ ప్రిఫరెన్స్ ఇచ్చాడో చూస్తుంది. అదీ సమానమైతే, మధ్యలో తక్కువ నెట్‌వర్క్‌లు తగిలే దారి. ఇదంతా నమ్మకం మీద నడిచే వ్యాపారం అత్తగారూ. అందుకే దొంగమాటలు లోపలికి రాకుండా ఫిల్టర్లు పెడతారు."

"ఆ ఫిల్టర్ తియ్యనన్నవాణ్ణే రింగ్ ముఠా చంపేసింది. కొత్తాయన ఇవాళ తీస్తాడు. తీసి, రింగ్ నెట్‌వర్క్‌కి అన్నిటికన్నా ఎక్కువ ప్రిఫరెన్స్ ఇస్తాడు. మన ఆఫీసు వీధికి దారి తమ దగ్గరుందని రింగ్ ప్రకటిస్తుంది. మనకి రావలసినదంతా వాళ్ల గుమ్మం తొక్కి వస్తుంది."

"మన మెసేజ్‌లు కోడ్‌లో ఉంటాయి. వాళ్లు చదవలేరు."

"చదవక్కర్లేదు. ఎక్కణ్ణించి బయల్దేరిందో చూస్తే చాలు." ఆవిడ కళ్లజోడు తీసింది. "మధ్యాహ్నం పన్నెండింటికి తోడల్లుడు మెసేజ్ పంపుతాడు."

అల్లుడు కుర్చీలోంచి లేచాడు.

తోడల్లుడు రెండేళ్లుగా శత్రువుల రాజధానిలో, వాళ్ల గూఢచారి ముఠా రింగ్ ఆఫీసుకి కూతవేటు దూరంలో ఉంటున్న ఏజెంట్. పన్నెండింటికి వాడి మెసేజ్ రింగ్ చేతిలో పడితే ఏ బిల్డింగో తెలిసిపోతుంది. సాయంత్రంలోపు వాడు ఉండడు.

"పంపొద్దని చెప్పండి."

"ఎలా చెప్పను? వాడు మనకి పంపగలడు. మనం వాడికి పంపలేం. వాడి ప్రాణం కాపాడటానికి మనం పెట్టిన ఏర్పాటే అది."

"మనం కూడా అదే వీధి ప్రకటిద్దాం."

"సమానమైతే దగ్గరిది గెలుస్తుందని ఇప్పుడే చెప్పావు. వాడున్నది వాళ్ల గుమ్మం ముందు."

"అయితే ఎక్స్ఛేంజ్‌కి వెళ్లి ఆ కొత్తాయన చెయ్యి పట్టుకోవాలి. బయల్దేరుతున్నా."

"కూర్చో. ఎవరూ కదలొద్దని పైనుంచి ఆర్డర్. ట్రాఫిక్ ఎటు మళ్లుతుందో చూస్తూ కూర్చుంటే రింగ్ దగ్గరున్న రౌటర్లన్నీ ఒక్క దెబ్బకి బయటపడతాయట."

"తోడల్లుడు?"

"తప్పదన్నారు."

అల్లుడికి ఒళ్లు మండిపోయింది. ఒకప్పుడు సరిహద్దు దగ్గర కాలు విరిగి అతను పొలంగట్టు పక్కన పడి ఉంటే, వదిలేసి రమ్మని ఇలాగే పైనుంచి ఆర్డర్ వచ్చింది. తోడల్లుడు ఆ ఆర్డర్ శ్రద్ధగా విన్నాడు. విని, వైర్‌లెస్ సెట్‌ని కాలవలోకి విసిరేశాడు. 'సిగ్నల్ సరిగా లేదురా' అని అతన్ని భుజాన వేసుకున్నాడు. దారి పొడుగునా అతని బరువుని తిట్టిపోస్తూనే ఉన్నాడు కానీ ఒక్కసారి కూడా దించలేదు.

"నేను వెళ్తున్నాను."

"వెళ్తే డిపార్ట్‌మెంట్‌కి నువ్వెవరో తెలియదు."

"ఇన్నాళ్లూ తెలిసినందుకు థాంక్స్."

అత్తగారు ముఖం ముడుచుకోలేదు, గొంతు పెంచలేదు. టేబుల్ మీద ట్రే ముందుకు తోసింది. అల్లుడు ఐడీ కార్డు అందులో పడేశాడు. మత్తుసూది వదిలే పెన్ను, కెమెరా ఉన్న చొక్కా గుండీ, తాళాలు తెరిచే వాచీ, అన్నీ ఒక్కొక్కటిగా వచ్చాయి.

"షూ," అంది అత్తగారు.

"షూ నావి."

"మడమ మాది. అందులో కత్తి ఉంది."

కుడి షూ మడమ ఊడదీసి ట్రేలో పెట్టి అల్లుడు కుంటుకుంటూ తలుపు దాకా వెళ్లాడు. వెనకనుంచి ఆవిడ గొంతు వినిపించింది. "అక్కడ మరదలు ఉంది. పుట్టింటికి వెళ్లిందనుకుంటున్నాం కదా. వెళ్లలేదు. వాళ్లతో కాపురం పెట్టింది."

కాపురం పెట్టడమంటే ఏమిటో అల్లుడికి తెలుసు. అవతలి పార్టీలో చేరిపోవడం. ఒళ్లు మంట ఇంకాస్త పెరిగింది.

ఎక్స్ఛేంజ్ అంటే దేశంలో నెట్‌వర్క్‌లన్నీ వచ్చి ఒకదానికొకటి చెయ్యందించే చోటు. బయటినుంచి చూస్తే కిటికీల్లేని గోదాములా ఉంటుంది. ఇంత ముఖ్యమైన బిల్డింగ్‌లోకి ఐడీ కార్డూ ఆయుధమూ లేకుండా వెళ్లడానికి అల్లుడికి తెలిసిన మార్గం ఒక్కటే. నీలం యూనిఫాం తొడుక్కుని, భుజానికి గ్యాస్ సిలిండర్ తగిలించుకుని, చిరాగ్గా ముఖం పెట్టి గేటు దగ్గర నిలబడ్డాడు.

"ఏసీ కంప్లైంట్."

"ఎవరిచ్చారు?" అన్నాడు గార్డు.

"నాకేం తెలుసు? ఇవ్వలేదంటే చెప్పండి, వెళ్లిపోతాను. ఇంకో రెండు సైట్లున్నాయి. రేపు మీరే ఫోన్ చేస్తారు. రేపు నాకు కుదరదు."

రిపేరుకి వచ్చిన మనిషిని చేజేతులా వెనక్కి పంపే ధైర్యం ఏ గార్డుకీ ఉండదు. పైగా కుంటుతున్నాడు, చూస్తే జాలేసేలా ఉన్నాడు. గేటు తెరుచుకుంది.

లోపల హాల్లో చలి ఎముకలు కొరుకుతోంది. వరసగా నల్లటి ర్యాకులు, వాటి వెనక జడలు అల్లినట్టు పసుపుపచ్చ ఫైబర్ కేబుళ్లు, మాట సరిగా వినిపించనివ్వని ఫ్యాన్ల హోరు. బయట ఎండ మాడ్చేస్తుంటే ఇక్కడి స్టాఫ్ స్వెట్టర్లు వేసుకుని తిరుగుతున్నారు. అల్లుడు నేలపలక ఒకటి ఎత్తి, తలవంచి, ఏదో వెతుకుతున్నట్టు నటిస్తూ కంట్రోల్ రూమ్ ఎటుందో చూసుకున్నాడు. చివర్లో అద్దాల గది. గోడ గడియారంలో పదకొండున్నర దాటింది.

వేడెక్కిన ప్లాస్టిక్ వాసన మధ్యలో ఉన్నట్టుండి ఖరీదైన సెంటు వాసన వచ్చింది.

"ఏసీ పని ఎప్పుడు నేర్చుకున్నావు బావా?"

మరదలు. ద్రాక్షరంగు గౌను, చెవులకి ముత్యాలు, మోచేతికి చిన్న హ్యాండ్‌బ్యాగు. అందరూ స్వెట్టర్లలో వణుకుతున్న చోట ఆమె ఒక్కతే ఏదో విందుకి వచ్చినట్టు నిలబడింది. హ్యాండ్‌బ్యాగులోంచి పిస్టల్ మూతి బయటికి చూస్తోంది.

"నువ్వు కాపురం మార్చినప్పుడు," అన్నాడు అల్లుడు. "తోడల్లుడు నీకు స్విమ్మింగ్ నేర్పాడు. గుర్తుందా?"

"గుర్తుంది. రెండుసార్లు ముంచాడు కూడా. నడు."

నడిచాడు. నడుస్తున్నంతసేపూ తిడుతూనే ఉన్నాడు. ఆమె ఒక్కసారైనా విసుక్కోలేదు. అదే అతనికి ఎక్కువ కోపం తెప్పించింది.

అద్దాలకి పరదాలు దించిన కంట్రోల్ రూమ్‌లో ఇద్దరున్నారు. ఒకడు బూడిదరంగు కోటు వేసుకున్న విదేశీయుడు, రింగ్ నాయకుడు. రెండో మనిషి కొత్త చీఫ్ ఇంజినీరు. స్టాఫ్ ఆయనకి పెట్టిన పేరు నిదానం. పేరుకి తగ్గట్టే ఆయన టేబుల్ మీద పెన్నులు పొడుగు వరసలో పేర్చి ఉన్నాయి, మంచినీళ్ల సీసా కీబోర్డుకి ఆమడ దూరంలో ఉంది, కుర్చీకి మడత నలగని స్వెట్టరు వేలాడుతోంది.

అల్లుణ్ణి కుర్చీకి కట్టేశారు. కట్టింది మరదలే. ముళ్లు గట్టిగానే వేసింది.

"నీవు ఎవరవు? ఎవరు పంపగా వచ్చితివి?" అన్నాడు కోటు. అతను మన భాష పుస్తకాల్లో నేర్చుకున్నాడు, అందులోనూ పాత పుస్తకాల్లో.

"ఏసీ చెడినదని వచ్చితిని," అన్నాడు అల్లుడు.

చెంప పగిలింది.

"పన్నెండు గంటలకు సందేశము పంపువాడు ఎవడు?"

"మా తోడల్లుడు."

"వాని పేరేమి?"

"తోడల్లుళ్ల పేర్లు ఎవరికి గుర్తుంటాయి సార్."

రెండో చెంప కూడా పగిలింది. నోట్లో ఉప్పగా తగిలింది. అల్లుడు దాన్ని నున్నటి నేలమీద ఉమ్మి తల పైకెత్తాడు.

"నీ ప్రాణము నా చేతిలో ఉన్నది."

"అయితే గట్టిగా పట్టుకోండి. మీ చేతులు చెమటలు పట్టాయి, జారిపోతుంది. అయినా పన్నెండింటికి అంతా మీకే తెలిసిపోతుందన్నప్పుడు నన్నెందుకు అడగటం? మీ ఇంజినీరు మీద నమ్మకం లేదా?"

ఆ మాటకి నిదానం ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. కోటు చెయ్యి ఊపాడు. "కానిమ్ము."

నిదానం కీబోర్డు మీదికి వంగాడు. తొందరలేదు, తడబాటు లేదు. ఫిల్టర్ తీసేశాడు. రింగ్ నెట్‌వర్క్‌కి ప్రిఫరెన్స్ పెంచాడు. టైప్ చేసినదంతా వేలితో చూపించుకుంటూ పైనుంచి కిందికి చదువుకున్నాడు. ఎంటర్ నొక్కాడు.

గోడ మీద పెద్ద స్క్రీన్‌లో నెట్‌వర్క్ మ్యాప్ ఉంది. అందులో డిపార్ట్‌మెంట్ వైపు వెళ్తున్న ఆకుపచ్చ గీత కొద్ది క్షణాలు అలాగే ఉండి, తరవాత ఒక్కొక్క ముక్కే ఎర్రబడుతూ రింగ్ వైపు తిరిగిపోయింది. ఎక్కడెక్కడి రౌటర్లో ఆ అబద్ధాన్ని ఒకదానికొకటి చెప్పుకుని నమ్మేశాయి. గడియారంలో పన్నెండుకి పావుగంట కూడా లేదు. అక్కడ ఏదో ఇరుకు గదిలో తోడల్లుడు ఈపాటికి లాప్‌టాప్ దులుపుకుంటూ ఉంటాడు. వాడికి ఏమీ తెలియదు.

అప్పుడు అల్లుడి చూపు నిదానం ముందున్న చిన్న స్క్రీన్ మీద పడింది. ఆఖరి వరస చదివాడు. మళ్లీ చదివాడు.

'కన్ఫర్మ్ చేయనిచో పది నిమిషాలలో పాత కాన్ఫిగరేషన్ పునరుద్ధరించబడును.'

నెట్‌వర్క్ మనుషులందరికీ ఒకే పీడకల. ఎక్కడో దూరాన ఉన్న రౌటర్‌లో ఒక తప్పు లైను కొట్టి, అందులోకి తామే మళ్లీ వెళ్లలేకపోవడం, అటకెక్కి నిచ్చెన తన్నేసుకున్నట్టు. అందుకే జాగ్రత్త తెలిసినవాడు ఏ మార్పయినా ముందు తాత్కాలికంగా పెడతాడు. అంతా బాగుంటే కన్ఫర్మ్ అని కొడతాడు. కొట్టకపోతే రౌటర్ తనంతట తానే పాత దారికి తిరిగిపోతుంది. నిదానం ఇవాళ ఎక్స్ఛేంజ్‌లో కూర్చుని తన సొంత రౌటర్ మీదే పని చేస్తున్నాడు. ఆయనకి ఈ జాగ్రత్త అక్కర్లేదు. కానీ పాతికేళ్లుగా చేతులకి పట్టిన అలవాటు. దేశద్రోహం చేసేటప్పుడు కూడా ఆ చేతులు సీటు బెల్టు పెట్టుకునే చేశాయి.

అంటే ఇప్పుడు అల్లుడు ఎవర్నీ కొట్టక్కర్లేదు, కట్లు తెంపుకోనక్కర్లేదు. ఆ చేతుల్ని ఆ ఒక్క మాట కొట్టనివ్వకుండా చూడాలి, అంతే. ముఖంలో సంతోషం కనపడకుండా అల్లుడు పళ్లు బిగించాడు.

"చీఫ్ గారూ, ఒక్క మాట అడగనా?"

"అడక్కండి," అన్నాడు నిదానం.

"ప్రిఫరెన్స్ పెంచారు, బాగుంది. పాలసీలో ఆ లైను రిజెక్ట్ లైనుకి పైన ఉందా, కింద ఉందా? కింద ఉంటే మాత్రం కొన్ని రూట్లు అక్కడే రాలిపోతాయి."

"పైనే ఉంది."

"చూశారా?"

"చూశాను."

"ఒకసారి చూశారా, రెండుసార్లు చూశారా?"

నిదానం చెయ్యి ఆగింది. కాసేపు పట్టుదలగా అలాగే కూర్చున్నాడు. తరవాత పాలసీ తెరిచి, మొదటి లైను నుంచి చదవడం మొదలుపెట్టాడు. ఆయన చదవడం ఒక చూడవలసిన పని. అక్షరం కింద వేలు పెడితే తప్ప అక్షరాన్ని నమ్మడు.

"ఏమి జరుగుచున్నది?" అన్నాడు కోటు.

"ఏం లేదు సార్. ఇంకా కన్ఫర్మ్ చెయ్యాలి. ఈలోగా చెక్ చేసుకుంటున్నాను."

"కన్ఫర్మ్ అననేమి?"

నిదానం వివరించాడు. ఆయన వివరణ కూడా నిదానంగానే సాగింది. వింటున్నకొద్దీ కోటు ముఖం ఎర్రబడింది.

"అట్లయిన వెంటనే కొట్టుము."

"కొడతాను సార్. చూసుకుని కొడతాను."

"అది పనిచేయుచున్నది. గోడ మీద కనబడుచున్నది."

"పనిచెయ్యడం వేరు సార్. సరిగ్గా పనిచెయ్యడం వేరు."

"నేను కూడా అదే అంటున్నాను," అన్నాడు అల్లుడు. "ఇంకో సంగతి. మీరు వదిలిన దారిలో అవతలివాళ్ల నెట్‌వర్క్ నంబరు రెండుసార్లు వచ్చిందేమో చూడండి. తన నంబరు తనకే కనిపిస్తే రౌటర్ అది లూప్ అనుకుని పారేస్తుంది. అప్పుడు గోడ మీద ఎర్రగా ఉంటుంది కానీ అసలు చోట ఏమీ ఉండదు. తరవాత మాట పడేది మీరు. ఈ సారుకేం, విమానం ఎక్కి వెళ్లిపోతాడు."

"వీని నోరు మూయించుము," అని కోటు మరదలి వైపు తిరిగాడు.

మరదలు కదల్లేదు. అద్దాల గోడ దగ్గర గోళ్లు చూసుకుంటూ నిలబడింది. "మీరు కొట్టారుగా. ఫలితం కనిపించిందా?"

నిదానం పాత్ చెక్ చేశాడు. ఎక్కడా తప్పు లేదు. మళ్లీ చెక్ చేశాడు. మళ్లీ లేదు. ఆయన భుజాలు కాస్త సడలాయి, చేతులు కీబోర్డు మీద కుదురుకున్నాయి. అల్లుడు ఇంకో రెండు అనుమానాలు విసిరాడు. టైమర్ల గురించి ఒకటి, పక్క రౌటర్ మెమరీ గురించి ఒకటి. మొదటిదానికి నిదానం అరక్షణం ఆలోచించాడు. రెండోదానికి నవ్వాడు.

"బాబూ, నన్ను ఆలస్యం చేస్తున్నావు. నాకు అర్థమైంది."

ఈ మాటతో అల్లుడి దగ్గరున్న సరుకంతా అయిపోయింది. ఇక మిగిలింది కోపమొక్కటే. అతను అదే బయటపెట్టాడు.

"అర్థమైతే సంతోషం. ఇంకొకటి కూడా అర్థం చేసుకోండి. మీరు కొట్టే ఆ ఒక్క మాటతో అక్కడ ఒక మనిషి చస్తాడు. వాడు నన్ను భుజాన మోసుకొచ్చిన మనిషి. మీ కుర్చీలో ముందు కూర్చున్నాయన తియ్యనన్నాడు. చంపుతారని తెలిసే అన్నాడు. ఆయన కూర్చున్న సీటు మీకు గుచ్చుకోవట్లేదా?"

నిదానం ముఖం నల్లబడింది. "నాకు భయం," అన్నాడు చిన్నగా. "ఆయనకి లేదు. అందరూ ఆయనలా ఉంటారా?" కోటు పిస్టల్ తీసి ఆయన మెడ వెనక ఆనించాడు. నిదానం వేళ్లు కదిలాయి. మొదటి అక్షరం పడింది, రెండోది పడింది. అల్లుడు కళ్లు మూసుకోలేదు. తోడల్లుడికి జరగబోయేది చూడకుండా తప్పించుకోవడం అన్యాయమనిపించింది.

"బ్యాకప్ తీశారా?" అంది మరదలు.

గోళ్ల మీదినుంచి చూపు తిప్పకుండానే అంది, వంటింట్లో స్టవ్ కట్టేశారా అని అడిగినంత మామూలుగా.

నిదానం చేతులు కాలినట్టు కీబోర్డు మీదినుంచి లేచిపోయాయి. ఆయనకి తెలుసు, ఇప్పుడు అక్కర్లేదని. మెడ మీద పిస్టల్ ఉందని కూడా తెలుసు. కానీ బ్యాకప్ తియ్యకుండా మార్పు ఖరారు చెయ్యడమనేది ఆ చేతులు ఎన్నడూ చెయ్యని పని, ఇప్పుడు చెయ్యమన్నా వాటికి రాదు.

"ఒక్క నిమిషం సార్," అన్నాడు.

"నిమిషము లేదు. కొట్టుము."

"ఒక్క నిమిషం సార్, నన్ను తొందరపెట్టకండి. తొందరపెడితేనే తప్పులు జరుగుతాయి." భయంలో కూడా ఆయన గొంతులో చిరాకు వినిపించింది. బ్యాకప్ కమాండ్ కొట్టాడు. స్క్రీన్ మీద చుక్కలు ఒకదాని వెనక ఒకటి పేరుకోవడం మొదలుపెట్టాయి. కోటు ఆయన్ని పక్కకి నెట్టి తానే కీబోర్డు లాక్కున్నాడు. ఏ అక్షరం కొట్టినా పడలేదు. చుక్కలు పూర్తయ్యేదాకా ఆ స్క్రీన్ ఎవరి మాటా వినదు.

చుక్కలు పూర్తయ్యాయి. వాటి కింద ఇంకో వరస వచ్చింది.

'గడువు ముగిసినది. పాత కాన్ఫిగరేషన్ పునరుద్ధరించబడినది.'

గోడ మీద ఎర్రగీత మధ్యలో తెగింది. ముక్కముక్కగా ఆకుపచ్చ తిరిగి పాకింది. ఆఖరి ముక్క రంగు మారడం, గడియారం ముల్లు పన్నెండు మీద పడటం దాదాపు ఒకేసారి జరిగాయి.

కోటు ముందు మ్యాప్ చూశాడు, తరవాత నిదానాన్ని చూశాడు. పిస్టల్ ఎత్తాడు. అల్లుడు కుర్చీతో సహా అతని మోకాళ్ల మీదికి దూకాడు. గుండు గోడ గడియారంలో దిగింది. ఇద్దరూ నేలమీద కుప్పగా పడ్డారు. కోటు రెండోసారి గురిపెట్టేలోగా మరదలు తీరిగ్గా వంగి, లిప్‌స్టిక్ మూత తీసి, అతని ముక్కు దగ్గర ఒక్కసారి నొక్కింది. తెల్లటి పొగ బుస్సుమంది.

"ఇది అన్యాయము," అని కోటు గురక పెట్టాడు.

మరదలు కట్లు విప్పుతుంటే అల్లుడు ఆమె ముఖంలోకే చూస్తూ ఉండిపోయాడు. "నువ్వసలు ఎవరి మనిషివి?"

"ఈ పూటకి మీ మనిషినే. ఈ నిదానం గారి అలవాట్లన్నీ ముందే చేరవేశాను. నువ్వు వస్తావని, వస్తే ఈ గదిలో, స్క్రీన్ కనిపించేలా కూర్చోబెట్టమని అత్తగారు నిన్ననే చెప్పారు."

"నేను రాకపోయుంటే?"

"ఆ సంగతి ఆవిడ చెప్పలేదు. అనుమానం లేదు కాబోలు."

నిదానం ఇంకా స్క్రీన్ ముందే కూర్చున్నాడు. ఫిల్టర్ వెనక్కి వచ్చిందో లేదో వరసవరసగా చెక్ చేస్తున్నాడు. "అన్నీ సరిగ్గా రీస్టోర్ అయ్యాయి," అన్నాడు. ఆ గొంతులో భయంతో పాటు ఒక పిసరు గర్వం కూడా ఉంది. అల్లుడికి ఆయన్ని కొట్టాలనిపించింది, దణ్ణం పెట్టాలనీ అనిపించింది. రెండూ మానేసి కుర్చీకి వేలాడుతున్న స్వెట్టరు తీసి ఆయన చేతికిచ్చాడు.

"వేసుకోండి. లాకప్ ఇంతకన్నా చల్లగా ఉంటుంది. అడిగినవాళ్లకి మాత్రం నిజం చెప్పండి. మీ కుర్చీలో ముందు కూర్చున్నాయన ఏమన్నాడో కూడా చెప్పండి."

"చెబుతాను," అన్నాడు నిదానం. కాస్త తటపటాయించి, "లాగవుట్ అయి రానా?" అన్నాడు.

"అవండి."

టేబుల్ మీద ఫోన్ తీసి అల్లుడు ఆఫీసు నంబరు తిప్పాడు. మొదటి రింగుకే ఎత్తారు.

"తోడల్లుడు?" అన్నాడు అతను.

"ఉత్తరం అందింది," అంది అత్తగారు. "నేనిక్కడ క్షేమం, మీరక్కడ క్షేమమని తలుస్తాను, అని రాశాడు. అసలు కబురు తరవాత రాశాడు."

అల్లుడు ఫోన్ పట్టుకునే గోడవైపు తిరిగాడు. మరదలు చూడనట్టు నటించింది, బాగానే నటించింది. తరవాత అతను ఇటు తిరిగాడు.

"అత్తగారూ, మీరు వద్దన్నా వచ్చాను. మళ్లీ ఇలాంటిదొస్తే మళ్లీ వద్దంటారు. మళ్లీ వస్తాను. ఇప్పుడే చెబుతున్నాను."

"తెలుసు. వెళ్లమని ఉంటే నా ప్లాన్‌లో వంద లోపాలు పట్టి పన్నెండు దాటించేవాడివి. వచ్చి నీ మడమ తీసుకెళ్లు."

"మరి పైవాళ్లకి ఏం చెప్పారు?"

"అల్లుడు నా మాట వినలేదని చెప్పాను," అంది అత్తగారు. "వాళ్లకీ అల్లుళ్లున్నారు. వెంటనే నమ్మేశారు."